తెల్లబోయిన దుప్పటి

కచ్ మొత్తంలో, భుజ్ పట్నం మొదలు ఉప్పు ఎడారి అంచుదాకా, హారూన్ ఖత్రీ తీసిన ఫొటో ఒక్కటైనా చెడిందని చెప్పగలిగినవాడు పుట్టలేదు. మిట్టమధ్యాహ్నం తెల్లగుర్రాన్ని తీస్తే కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనబడేవి. చీకటిగదిలో నల్లపిల్లిని తీస్తే ఆ పిల్లి తన ఫొటో చూసుకుని మురిసిపోయేది.

అలాంటి హారూన్ ఆ బుధవారం పొద్దున, అహ్మదాబాదులో కడిగించిన రీలు బస్సులో తిరిగొస్తే ఆ పొట్లం విప్పి, ఒక స్లైడు ఎండకెత్తి చూసి, వాకిట్లోనే కూలబడ్డాడు. అందులో ఏమీ లేదు. ఇంకోటి ఎత్తాడు. తెల్లటి మసక. రీలంతా అంతే. వాళ్ల నాన్న సిద్దిక్ పోయేముందు చెక్క అచ్చులతో అద్దిన ఆఖరి అజ్రఖ్ దుప్పటి, నీలిలోనూ మంజిష్ఠ ఎరుపులోనూ మునిగి లేచిన గుడ్డ, సున్నపునీళ్లలో నానబెట్టినట్టు వెలిసిపోయి ఉంది.

అహ్మదాబాదులో ఒక బట్టల మ్యూజియం ఉంది. వాళ్లు ముందు స్లైడ్లు చూస్తారు, నచ్చితేనే గుడ్డ తీసుకుంటారు. తీసుకుంటే దుప్పటి సిద్దిక్ పేరుతో గాజుపెట్టెలో ఉంటుంది. లేదంటే హారూన్ అన్న సత్తార్ దాన్ని బొంబాయి వ్యాపారికి ఇచ్చేస్తాడు, ఆ వ్యాపారి ముక్కలుగా కోయించి దిండు గలీబులు కుట్టిస్తాడు. మ్యూజియం వాళ్లు పంపినవి రెండే రీళ్లు. స్లైడు ఫిల్ము మొండిది, వెలుతురు పిసరంత ఎక్కువైనా ఇక దిద్దుకోవడానికి ఉండదు.

సత్తార్ ఆ స్లైడుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాన్న నెలల తరబడి ఎక్కించిన రంగుని నీ కెమెరా చిటికెలో ఉతికేసిందిరా. శుక్రవారం బస్సుకి ఆ రెండో రీలు వెళ్లకపోతే నేను బేరం ఒప్పుకుంటా. తర్వాత నన్ననొద్దు."

హారూన్ కెమెరా ముందేసుకుని కూర్చున్నాడు. బ్యాటరీ మార్చాడు. ఫిల్ము వేగం అంకె సరిగ్గానే ఉంది. వెనక మూత తెరిచి ఆకాశంకేసి చూస్తూ నొక్కాడు, లెన్సులో రేకులు చక్కగా ముడుచుకుంటున్నాయి. చెవి దగ్గర పెట్టుకుని షట్టరు చప్పుడు విన్నాడు, అదీ బాగానే ఉంది. భుజ్ వెళ్లి కెమెరాలు బాగుచేసే ప్రాణ్‌లాల్‌భాయ్‌తో విప్పించాడు. కెమెరాకి జబ్బేమీ లేదనీ, పట్టుకునేవాణ్ణి ఆస్పత్రిలో చూపించుకోమనీ ఆయన నవ్వుతూ బిగించి ఇచ్చేశాడు. హారూన్ నవ్వలేదు. తప్పు దొరికితే బాగుచేసుకోవచ్చు. ఎక్కడా దొరక్కపోతే ఇక మిగిలింది తనే కదా.

ఇక్కడ నేను మొదట్లో కోసిన కోతలు కొన్ని వెనక్కి తీసుకోవాలి. నల్లపిల్లి ఫొటోలో పిల్లి లేదు, నలుపొకటే ఉంది. వకీలుగారింటి పెళ్లిలో పెళ్లికొడుక్కి తల పడలేదు. గుర్రం మాట అడగకండి. కానీ ఎండలో వెలుతురు లెక్క మాత్రం హారూన్ ఎన్నడూ తప్పలేదు, అది నిజం.

ఆ లెక్క అరచేతిది. తెల్ల ఇసుక, ముదురు గుడ్డ, రెండూ కెమెరాలో వెలుతురు కొలిచే ముల్లుని మోసం చేస్తాయి. మనిషి ఒంటిరంగు ఎలా ఉన్నా అరచెయ్యి ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది. అందుకని లెన్సు ముందు అరచెయ్యి పెట్టి, ముల్లుని దానికి సరిచేసి, ఒక మెట్టు వెలుతురు ఎక్కువిచ్చి తీసేవాడు.

గురువారం దుప్పటిని పెరట్లో తాడు మీద ఆరేసి రెండో రీలు ఎక్కించాడు. అరచెయ్యి అడ్డం పెట్టాడు. ముల్లు కిందికి దిగింది. మొదటి రీలప్పుడూ ఇంతే. నొక్కడానికి ధైర్యం చాలలేదు. ఇంతలో గాలికి దుప్పటి అంచు లేచింది. మంచం మీదున్న తల్లి హవాబాయి లేచొచ్చి దాన్ని పట్టుకోబోయింది. ఆమె అరచెయ్యి లెన్సుకి అడ్డమొచ్చింది. ముల్లు ఎగిరి పైకెక్కింది.

"అమ్మా, చెయ్యి తియ్యకు."

"ఏం, దీన్ని కూడా గాజుపెట్టెలో పెట్టిస్తావా?"

హారూన్ తన చెయ్యి పెట్టాడు, ముల్లు దిగింది. ఆమె చెయ్యి పెట్టించాడు, ఎక్కింది. కెమెరా దించి తన చేతిని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు. మోచేతిదాకా ముదురు నీలం.

గుడ్డలు ముంచే నీలిమందు కుండ ఊరికే బతకదు. రోజూ బెల్లం తినాలి, ఇంటి మగాడి చెయ్యి అందులో దిగాలి. లేకపోతే అలిగి చచ్చిపోతుంది. నాన్న పోయాక సత్తార్ బేరాల మీద ఊళ్లు తిరుగుతుంటే, ఎన్నో ఏళ్లుగా కుండ ముట్టని హారూనే పొద్దున్నే లేచి చేతులు ముంచుతున్నాడు. రంగులద్దేవాళ్ల ఆ వీధిలో మగాళ్లందరి చేతులూ నీలమే. ఎవరి ముక్కు వాళ్లకి కనబడనట్టే అక్కడ ఎవరికీ అది కనబడదు. నల్లబడ్డ చేతిని చూసి చీకటనుకున్న కెమెరా, ఉన్న వెలుతురంతా తాగేసింది. నాన్న కుండే నాన్న దుప్పటిని తెల్లబరిచింది.

హారూన్ తల్లి అరచేతికి ముల్లు సరిచేసి నొక్కాడు.

"మా పెళ్లినాడు నా మెహందీ కంటే మీ నాన్న చేతులే బాగా పండాయిరా," అంది హవాబాయి.

రీలు శుక్రవారం బస్సెక్కింది. మ్యూజియం వాళ్లు దుప్పటి తీసుకున్నారు. సత్తార్ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ ఆ చేతి సంగతి తనకి ముందే తెలుసని చెబుతాడు.

ఆ మెహందీ మాట మాత్రం నేను కల్పించింది. నిజానికి హవాబాయి ఏమీ అనలేదు. మొదటి ఫొటోతోనే ఆమె చేతితో పని అయిపోయింది. అయినా రీలు అయ్యేదాకా ఎండలో అలాగే చాపి నిలబడింది. దించమని హారూనూ చెప్పలేదు.