ఏడో ప్రశ్నకు సరైన జవాబు

కొత్తగా ఒక్క ముక్క కూడా రాయకూడదన్నాడు మేనేజరు. ట్రైనింగు పుస్తకాలు, స్లైడ్లు, ప్రమాదాల రిపోర్టులు, ఇరవై ఏళ్ళ కాగితాలు బీరువాల్లో పడి ఉన్నాయి. వాటినే కత్తిరించి, అతికించి, కంప్యూటర్లో పాఠాలుగా చెయ్యమన్నాడు.

"వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడం దేనికమ్మా?" అన్నాడు.

చెప్పేవాడికేం, చెబుతాడు. ఆ బీరువాల దుమ్మంతా పీల్చింది ఆమె. ఫ్యాక్టరీలో అందరూ ఆమెను పాఠాలమ్మ అనేవారు. ఇంకా కాంట్రాక్టు ఉద్యోగమే. ఈ పాఠాలు బాగా వస్తే పర్మనెంటు చేస్తామన్నారు. ఆ ఆశ మీదే తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ మూడు వారాలు గడిపేసింది.

నాలుగో వారం ఒక పలచని ఫైలు చేతికొచ్చింది. రేకులు నొక్కే ప్రెస్సు మిషన్లో ఒక కార్మికుడి కుడిచేతి వేళ్ళు మూడు తెగిపోయిన కేసు. చెయ్యి లోపలికి పోకుండా మిషనుకు ఇనుప కవరు ఉంటుంది. దాన్ని ఆ కార్మికుడే ఊడదీశాడట. కారణం: కార్మికుడి నిర్లక్ష్యం. ఒప్పుకుంటూ అడుగున సంతకం.

పేరు చదవక్కర్లేకపోయింది. ఎడమచేత్తో గీసిన ఆ వంకర సంతకమే ఆమె ఐదో తరగతి ప్రోగ్రెస్ కార్డు మీద కూడా ఉంది.

ఆ వేళ్ళు ఆమె తండ్రివి. ఆయనిప్పుడు ఇదే ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని, వచ్చే పోయే లారీల నంబర్లు ఎడమచేత్తో రాసుకుంటాడు. ఇంట్లో ఆయన చెప్పే కథ వేరు. పని నెమ్మదిగా సాగుతోందని సూపర్‌వైజరే కవరు తీయించాడు, వద్దు మొర్రో అంటే వినలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె వింటున్న మాట ఇది.

ఆ సాయంత్రం చొక్కా గుండీలతో తంటాలు పడుతున్న తండ్రిని అడిగేసింది.

"నాన్నా, తప్పు నీదేనని సంతకం పెట్టావా అప్పట్లో?"

ఆయన చెయ్యి ఆగింది.

"పెట్టకపోతే ఆ గేటు దగ్గర కుర్చీ కూడా ఉండేది కాదు. వాళ్ళతో పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే కదే. నువ్వు చూస్తే ఇంతున్నావు. ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?"

"ఊరికే."

"ఆ కాగితం ఎవడు చూస్తాడులే! ఎలకలు ఎప్పుడో తినేసుంటాయి" అని నవ్వాడు.

తినేసినా బాగుండేది. ఎలకలకున్న పాటి జాలి ఆ ఫ్యాక్టరీలో ఎవరికుంది?

మర్నాడు మేనేజరు దగ్గరికెళ్ళి, ఆ కేసు వదిలేద్దాం సార్, అందులో రాసింది నిజం కాదేమో అంది. ఆయన ఫైలు తిరగేశాడు.

"సంతకం పెట్టాడుగా! ఆయనకే లేని బాధ నీకెందుకమ్మా? కందకు లేని దురద కత్తిపీటకా? రక్తం ఉన్న కేసు ఇదొక్కటే. జనం నిద్రపోకుండా వింటారు. పెట్టెయ్."

ఆయన మా నాన్న అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పర్మనెంటు కాగితం గుర్తొచ్చి మింగేసింది. తను అంత పిరికిదని ఆమెకు ఆ రోజే తెలిసింది.

పాఠాల చివర పెట్టే పరీక్షలో ఆ కేసు ఏడో ప్రశ్న అయింది. ప్రమాదానికి కారణం ఎవరు? సరైన జవాబు మొదటిది: కార్మికుడి నిర్లక్ష్యం. తప్పు జవాబులు మూడు ఆమె ఇష్టం. మూడో జవాబుగా ఇలా రాసింది: సూపర్‌వైజరు కవరు తీయించాడు. తప్పుల్లోనైనా సరే, నిజం ఒక్కసారి తెర మీద కనబడుతుందని ఆమె కక్కుర్తి.

గొంతు కూడా ఆమెదే. బయటివాళ్ళెందుకు, నీ గొంతుకేం తక్కువన్నాడు మేనేజరు. స్టోరు గదిలో కిటికీకి దుప్పటి కట్టి రికార్డు చేసింది. "తప్పు. కార్మికుడి నిర్లక్ష్యమే కారణం. మళ్ళీ ప్రయత్నించండి." మూడుసార్లు తడబడింది. నాలుగోసారి శుభ్రంగా వచ్చింది.

అన్ని ప్రశ్నలకూ సరైన జవాబు నొక్కితేనే పాసు. పాసు కానివాళ్ళ కార్డుకు సోమవారం నుంచి గేటు తెరుచుకోదు. తండ్రికి ముందే చెప్పాలనుకుంది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే గేటువాళ్ళ వంతు వచ్చేసింది.

గురువారం మధ్యాహ్నం ఆయన కంప్యూటరు ముందు కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఎడమచేత్తో మౌసు పట్టుకున్నాడు. సాయం చెయ్యడానికి ఆమె వెనకే నిలబడింది. ఆరు ప్రశ్నలు అయిపోయాయి. ఏడోది వచ్చింది.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. మూడో జవాబు నొక్కాడు. తెర మీద ఎర్ర గుర్తు పడింది.

ఎడమచెయ్యి జారిందనుకున్నాడేమో, కుర్చీ దగ్గరికి జరుపుకుని, బాణాన్ని జాగ్రత్తగా అక్షరాల మీదికి తెచ్చి మళ్ళీ మూడోదే నొక్కాడు. ఎరుపు. ఇంకోసారి. ఎరుపు. హెడ్‌ఫోన్లలో ఏం వినబడుతోందో ఆమెకు తెలుసు.

ఆయన మౌసు వదిలేసి వెనక్కి తిరిగాడు. ఆమె తల ఎత్తలేకపోయింది. ఆయన మళ్ళీ తెర వైపు తిరిగి, మొదటి జవాబు నొక్కాడు. పచ్చ గుర్తు వచ్చింది.

మిగతావి పూర్తి చేసి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి లేచాడు.

"నువ్వే చదివావా అమ్మా ఇదంతా?"

"నాన్నా..."

"బాగా చదివావు తల్లీ. ఒక్క ముక్క తడబడలేదు."

బయట లారీ హారను మోగింది. నంబరు రాసుకోవాలి కదా, ఆయన గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.