యోకా అన్నానా, యొక్కా అన్నానా

"చిజురుగారూ, మీవాళ్లు రాలేదు."

ఫోన్‌లో కురామిత్సు గొంతు. కనజావాలో ఆయనది ఏడు కుర్చీల హోటల్. ముందుగా చెప్పుకోకుండా అక్కడ ఎవరూ కూర్చోలేరు. అప్పుడు డిసెంబరు నాలుగో తారీకు, సాయంత్రం ఆరుంబావు.

"మావాళ్లు రావాల్సింది ఎనిమిదిన కదండీ," అన్నాను.

"నాలుగున. మా ఆవిడ పుస్తకంలో రాసింది. పోర్చుగల్ నుంచి తల్లీ కొడుకూ. ఇద్దరికీ దుంప తురిమి, చేప కోసి, ఖాళీ కుర్చీల మొహం చూస్తూ నిలబడ్డాను. ఇందుకే మొదట్నించీ వద్దన్నాను. బయటి దేశాలవాళ్లకి నా కుర్చీ అంటే బస్సులో సీటు. ఇంకెవరి కోసమూ నాకు ఫోన్ చెయ్యకండి."

పెట్టేశాడు.

మా జపనీస్‌లో నాలుగో తారీకు యొక్కా, ఎనిమిదో తారీకు యోకా. ఎదురుగా నిలబడి చెప్పుకున్నా పొరపాటు పడతాం, ఇక ఫోన్‌లో సంగతి చెప్పక్కర్లేదు. అందుకే మా పనిలో యోకా అని ఊరుకోకూడదు. ఎనిమిది అని అంకె చెప్పాలి, వారం చెప్పాలి, అవతలివాళ్ల చేత తిరిగి చెప్పించుకోవాలి. భాష రాని యాత్రికుల తరఫున హోటళ్లకు ఫోన్ చేయడం పద్నాలుగేళ్లుగా నా ఉద్యోగం. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది కూడా నేనే.

కురామిత్సును ఒప్పించడానికి ఏడాది పట్టింది. "వాళ్లేం అడుగుతారో నాకు తెలీదు, నేనేం పెడుతున్నానో వాళ్లకి తెలీదు. ఎందుకొచ్చిన గొడవ?" అనేవాడు. అన్సెల్మో అనే ఆ పోర్చుగల్ మనిషి కూడా వంటవాడే. కురామిత్సు చేసే టర్నిప్ ఆవిరి వంటకం తినాలని తన ప్రయాణం రెండుసార్లు మార్చుకున్నాడు. చివరికి ఆ ఇద్దరికీ నాదే పూచీ అని మాటిచ్చాను. అప్పుడు మెత్తబడ్డాడు. ఇప్పుడు ఆ మాట గంగలో కలిసింది. ఎనిమిదిన అన్సెల్మో వచ్చి మూసిన తలుపు ముందు నిలబడతాడు. అతని తర్వాత ఇంకే విదేశీయుడికీ ఆ తలుపు తెరుచుకోదు.

కాలుకాలిన పిల్లిలా ఆఫీసంతా తిరిగాను. పక్క బల్ల దగ్గర మినెగిషి తాపీగా కమలాపండు ఒలుచుకుంటున్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద, ఏ విషయానికీ చెమట పట్టించుకోడు.

"అమ్మాయ్, నేల అరిగిపోతుంది, కాస్త కూర్చో. పోర్చుగల్ వాళ్లు రోజు మర్చిపోయారని చెప్పెయ్. ఓ మిఠాయి పెట్టె పట్టుకెళ్లి వంగి దణ్ణం పెట్టు. ఆయన వాళ్లని ఎలాగూ తిడుతున్నాడు, నిన్ను కాదుగా."

"సిగ్గులేదా మీకు ఆ మాట అనడానికి?"

"సిగ్గుంటే ఈ ఉద్యోగంలో ఇన్నాళ్లుంటానా?" అని ఒక తొన నోట్లో వేసుకున్నాడు.

మా ఫోన్లన్నీ రికార్డవుతాయి. కుర్చీలు చెప్పుకున్న రోజుది తీసి విన్నాను. ఫోన్ ఎత్తింది ఆయన భార్య హిసానో. నా గొంతు గంట కొట్టినట్టు ఉంది: "యోకా, ఎనిమిది, సోమవారం." అటునుంచి ఆవిడ, "సరే సరే, అలాగే." తారీకు తిరిగి చెప్పలేదు. నేనూ చెప్పించుకోలేదు. ఏడాది తర్వాత దొరికిన ఒప్పుకోలుని ఎక్కడ వెనక్కి తీసుకుంటారోనని గబుక్కున పెట్టేశాను. అయినా అంకె చెప్పాను, వారం చెప్పాను. తప్పు నాది కాదు, మావాళ్లది అసలే కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రికార్డింగు నా సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకుని, వానలోనే సైకిలెక్కాను.

హోటల్ తలుపు జరపగానే ఐదుగురు భోంచేస్తున్నవాళ్లు తలెత్తి చూశారు. చివర రెండు కుర్చీల ముందు చాప్‌స్టిక్స్ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కురామిత్సు చేపను కోస్తున్నాడు. హిసానో నాకు వీపు పెట్టి టీ పోస్తోంది.

"ఆ రోజు నేనేం చెప్పానో హిసానోగారినే అడగండి," అన్నాను. సెల్‌ఫోన్ అప్పటికే చేతిలో ఉంది. "హిసానోగారూ! నేను ఏ రోజన్నాను?"

ఆవిడ తిరగలేదు.

"అమ్మా, మిమ్మల్నే!"

టీ పోయడం అయ్యాక తిరిగి, నన్ను చూసి ఉలిక్కిపడి నవ్వింది. "అయ్యో, మీరా! ఎప్పుడొచ్చారు? పూర్తిగా తడిసిపోయారే."

"మా ఆవిడ పనిలో పడితే పిడుగు పడ్డా పట్టించుకోదు," అన్నాడు కురామిత్సు కాస్త గర్వంగా.

నేను మళ్లీ అడిగాను. అప్పుడు చూశాను. ఆవిడ చూపు నా కళ్ల మీద లేదు, నా పెదవుల మీద ఉంది. మొగుడు ఏదైనా చెప్పినప్పుడు కూడా అంతే, ఆయన నోటివంకే చూస్తోంది. నలభై ఏళ్లుగా ఆ మొహాన్ని చూస్తూ బతికిన మనిషి, ఆయన పెదవి కదిలితే చాలు, మాట పట్టేసుకుంటుంది. ఫోన్‌లో పెదవులు కనిపించవు.

ఆవిడ నా చేతిలోని సెల్‌ఫోన్ చూసింది. నాకేం తెలిసిందో ఆవిడకు అర్థమైంది. మొగుడికి కనపడకుండా తల అడ్డంగా ఊపింది, ఒక్కసారి. ఆ ఫోన్ తీయడం, ఆ పుస్తకం రాయడం ఆవిడ పని. వినపడదని తెలిస్తే కురామిత్సు ఆ పని ఇంకెవరికీ ఇవ్వడు, హోటలే మూసేస్తాడు. అలాంటి మనిషే ఆయన.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ మీద జాలేసింది. రెండూ ఒక్కసారే. సెల్‌ఫోన్ జేబులో పెట్టేసి, నేల చూస్తూ నడుం వంచాను.

"తప్పు నాది. యోకా అనబోయి యొక్కా అన్నాను. మావాళ్ల తప్పేం లేదు."

కత్తి ఆగింది. కురామిత్సు తలెత్తి నావైపు చూశాడు.

"అంటే వాళ్లు ఎనిమిదినే వద్దామనుకున్నారా?"

"అవునండీ."

"అయితే వాళ్లని తిట్టడం నాదే తప్పు. ఎనిమిదిన రమ్మనండి, ఆ ఇద్దరికీ చోటుంది. ఇకమీదట కూడా విదేశాలవాళ్లని పంపించమనండి మీ ఆఫీసు వాళ్లని." మళ్లీ కత్తి కదిలింది. "మీరు మాత్రం ఫోన్ చెయ్యకండి. తారీకు సరిగ్గా చెప్పలేని మనిషితో నాకు పని లేదు."

ఐదుగురు అతిథులూ తమ గిన్నెల్లోకి చూసుకున్నారు. పద్నాలుగేళ్లలో నన్నెవరూ ఆ మాట అనలేదు. ఇంకాసేపుంటే ఆ రికార్డింగు వినిపించేసేదాన్నే, అందుకే బయటికొచ్చేశాను.

సైకిల్ తాళం తీస్తుంటే హిసానో గొడుగు పట్టుకుని పరుగున వచ్చింది. సందులో చీకటి. నా రెయిన్‌కోటు టోపీ నీడలో నా నోరు కనపడదు.

"మీ మేలు మర్చిపోనమ్మా," అంది గొడుగు నాకిచ్చి, నా చెయ్యి పట్టుకుని.

"చెవుల డాక్టరుకి చూపించుకోండి," అన్నాను.

"ఫర్వాలేదు, గొడుగు ఎప్పుడిచ్చినా సరే."

అక్కడితో ఊరుకుని సైకిలెక్కాల్సింది. పోర్చుగల్ తల్లీ కొడుకుల సంగతి తేలిపోయింది, ఈవిడ గుట్టు దక్కింది, పోయిందేదో నాది పోయింది. కానీ రేపు ఇంకెవరో ఫోన్ చేస్తారు, ఈవిడ సరే సరే అంటుంది, వాళ్లూ నాలాగే తల దించుకుని నిలబడతారు. ఊరుకునే ఒళ్లు కాదు నాది.

"చెవులమ్మా, చెవులు!" అని అరిచాను. "మీకు వినపడ్డం లేదు! ఆయనకి చెప్పండి!"

ఆవిడకు వినపడింది. చెయ్యి వదిలేసి, తలుపు వైపు తిరిగి చూసింది.

లోపల కత్తి చప్పుడు ఆగిపోయింది.