తోసేదా, తిప్పేదా

శనివారం ఉదయానికి సాయిదుర్గ సంచిలో రెండు లెన్సులున్నాయి. ఆదివారం సాయంత్రంలోగా వాటిలో ఒకదాన్ని వెనక్కి ఇచ్చెయ్యాలి. ఏది ఇవ్వాలో మాత్రం తేలడం లేదు.

ఆమెకి రాజోలులో చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్టు ఫొటోలతో రోజులు గడిచిపోతాయి గానీ, మనసంతా అంతర్వేది దగ్గర గోదారి సముద్రంలో కలిసే మొగ మీదే ఉంటుంది. అక్కడి ఇసుక మేట మీద చలికాలంలో పిట్టలు వందలకొద్దీ వాలతాయి. ఆమె పుట్టి పెరిగింది ఆ పక్కనే, పల్లిపాలెంలో. ఆ పిట్టల ఫొటోలు ఇరవై కావాలనీ, గట్టున బోర్డులు పెట్టిస్తామనీ అటవీశాఖ వాళ్ళు అడిగారు. గట్టు మీంచి మేట దాకా అందుకోవాలంటే పొడుగు జూమ్ లెన్సు ఉండాలి. ఆమె దగ్గరున్న లెన్సులో కొంగ కూడా చీపురుపుల్ల ముక్కలా పడుతుంది.

మొదటి లెన్సు కొత్తపేటలో ఉండే శ్రీరామచంద్రమూర్తి మాస్టారిది. సైన్సు చెప్పి రిటైరయ్యారు. చేతులకి వణుకు రావడంతో ఇక లాభం లేదని అమ్మకానికి పెట్టారు. అది పాత రకం. దూరంగా ఉన్నదాన్ని దగ్గర చేసుకోవాలంటే సైకిలు పంపులా ముందుకి తొయ్యాలి, వెనక్కి రావాలంటే లాక్కోవాలి. రెండోది అదే కంపెనీ తర్వాత తెచ్చిన రకం. అమలాపురంలో కెమెరాల షాపు నాగదుర్గాప్రసాద్ దగ్గరికి ఎవరో వాడినది వచ్చింది. దాన్ని తొయ్యక్కర్లేదు, రింగు తిప్పాలి. చెయ్యి కదిలినా బొమ్మ కదలకుండా పట్టుకుంటుందని పేరు. ఇద్దరూ ఆమెని నమ్మి, రెండ్రోజులు వాడి చూసుకోమని ఇచ్చారు.

మూడు నెలలుగా ఆమెకి ఇదే ధ్యాస. అన్నం తింటూ ఫోనులో వీడియోలు చూస్తుంది, పెళ్ళిలో తలంబ్రాల మధ్య కూడా అవే గుర్తొస్తాయి. శుక్రవారమంతా స్టూడియో మేడెక్కి, ఎదురింటి కొబ్బరిచెట్టు గెలని ఒకదానితో ఒకసారి, ఇంకోదానితో ఒకసారి తీసింది. వాటిని కంప్యూటర్లో పెట్టి మూలలు పెద్దవి చేసి చూసుకుంది. పొద్దున్న పాతదే మంచిదనిపించింది. మధ్యాహ్నానికి కొత్తది మంచిదైంది. సాయంత్రం మబ్బు పట్టేసరికి రెండూ ఒకేలా ఉన్నాయి. ఇలా కాదు, మొగ దగ్గరే తేల్చుకుందామని శనివారం తెల్లవారగానే బండెక్కి పల్లిపాలెం వచ్చేసింది.

వచ్చేసరికి ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. వాయుగుండం కబురు ముందురోజే రావడంతో వేటకెళ్ళిన బోట్లు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. ఆమె తమ్ముడు శివాజీ చీకటి విడకముందే ఒడ్డు చేరి, ఇంట్లో చద్దన్నం తింటున్నాడు. తల్లి పెద్దింట్లమ్మ కుదుటపడింది. కూతురి భుజాన వేలాడే సంచి చూసి, రెండు కళ్ళు చాలక ఇంకో రెండు తెచ్చుకున్నావా అని ఎత్తిపొడిచింది కూడా.

రానిది దొరబాబు బోటు ఒక్కటే. అందులో నలుగురున్నారు. ఫోన్లు పలకడం లేదు. అయితే అలలు విరిగే చోటుకి అవతల, సన్నటి జల్లులో ఓ బోటు నలకలా కనబడుతూనే ఉంది. నీళ్ళు సముద్రంలోకి లాగే పాటు మీద మొగలోకి రావడం కష్టం గనక, నీళ్ళు పోటెత్తే దాకా అక్కడే లంగరేసుకుని కూర్చుని ఉంటారని అందరూ అనుకున్నారు. దొరబాబు భార్య విజయకి మాత్రం ఆ అనుకోవడం సరిపోలేదు. సాయిదుర్గ దగ్గరికొచ్చి, మీ కెమెరాలో ఓసారి చూసి చెప్పమంది.

గట్టు పక్కనున్న తుఫాను షెల్టరు మేడ ఎక్కితే సముద్రం బాగా లోపలిదాకా కనబడుతుంది. సాయిదుర్గ పైకెక్కింది. అప్పటికి కెమెరాకి ఉన్నది మాస్టారి లెన్సు. తోసి, ఊపిరి బిగబట్టి చూసింది. బోటు నీలం రంగు మసగ్గా తెలిసింది. మనిషి ఎవరో నుంచున్నట్టుంది. గాలికి చెయ్యి ఆగడం లేదు, బొమ్మ అటూ ఇటూ ఊగుతోంది. రెండు ఫొటోలు తీసి కిందికి తొంగి చూసింది.

"నీలం బోటేనమ్మా, మీదే. లంగరేసుకున్నట్టున్నారు, భయం లేదు," అంది.

విజయ రెండు చేతులూ జోడించి, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చానంటూ ఇంటికి వెళ్ళిపోయింది. గట్టు మీద మనుషులు కూడా పలచబడ్డారు.

సాయిదుర్గ దిగొచ్చేదే. కానీ పురుగు తొలుస్తోంది కదా. ఇంత దూరం, ఇంత మబ్బు, ఇంత గాలి. రెండింటినీ పోల్చడానికి ఇంతకన్నా మంచి అదను ఎక్కడ దొరుకుతుంది? గోడ చాటుకి చేరి, కొంగు కప్పుకుని లెన్సు మార్చింది. పావుగంట పట్టింది. మధ్యలో చినుకులు పెద్దవైతే ఆగింది, అద్దం తుడిచింది, మళ్ళీ తుడిచింది. తీరిగ్గా అదే బోటుని కొత్త లెన్సుతో తీసి, తెర మీద పెద్దది చేసింది. అంచులు ఎంత తేటగా వచ్చాయో చూసుకుందామని.

అంచుల సంగతి మర్చిపోయింది. నుంచున్న మనిషి చేతిలో చొక్కా ఉంది, దాన్ని తలపైకెత్తి ఊపుతున్నాడు. ఇంకొకడు వంగి బక్కెట్టుతో నీళ్ళు తోడిపోస్తున్నాడు. బోటు ముందువైపు లంగరు తాడేదీ లేదు. పైగా అది అలకి ఎదురుగా లేదు, అడ్డం తిరిగిపోయి ఉంది.

మెట్లు ఎలా దిగిందో ఆమెకి తెలీదు. జగ్గయ్య అని, ఆ ఊళ్ళో మొగ లోతులన్నీ ఎరిగిన పెద్దాయన, గట్టు మీద వల సర్దుకుంటున్నాడు. ఆయన ముందు కెమెరా పెట్టి తెర చూపించింది. ఆయన కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

"ఇంజను ఆగిపోయిందమ్మా. ఫ్యానుకి వల చుట్టుకునుంటది. ఆళ్ళు ఆగి లేరు, కొట్టుకొచ్చేత్తన్నారు. అడ్డంగా మేట మీద పడితే బోటు తిరగబడిపోద్ది."

"ఎంతసేపుందంటారు మావయ్యా?"

"గంట కూడా లేదు."

ఆయన వెళ్ళడానికి లేచాడు. తోడు ఎవరొస్తారని అడగలేదు. చుట్టూ చూశాడంతే. అప్పుడే ఇంట్లోంచి చెయ్యి కడుక్కుని వచ్చిన శివాజీ, నా బోటులో డీజిలుంది పదండి అన్నాడు.  పెద్దింట్లమ్మ కొడుకు వంక కాకుండా కూతురి వంక చూసింది. ఆ చూపు సాయిదుర్గ మెడ మీద చెయ్యేసినట్టు నిలిచిపోయింది.

బోటు కదిలేముందు జగ్గయ్య ఒకటే చెప్పాడు. నీళ్ళ మీదున్నవాళ్ళకి అల అడ్డమొస్తే పక్క బోటు కూడా కనబడదు, జల్లులో అసలే కనబడదు, నువ్వు పైనుంచి దారి చెప్పమని.

సాయిదుర్గ మళ్ళీ మేడెక్కింది. వెనకే పెద్దింట్లమ్మ ఎక్కి, ఫోను స్పీకరులో పెట్టి కూతురి నోటి దగ్గర పట్టుకుంది. శివాజీ బోటు మొగ దాటుతుంటే ముక్కు నిలువునా లేచి కిందపడింది. ఒకసారి, రెండోసారి. మూడోసారి అలలో మునిగిపోయి కనబడలేదు. సాయిదుర్గ రింగు తిప్పుతూ వెతికింది. లెన్సు నిండా నీళ్ళే. ఎంత స్థిరంగా చూపిస్తే ఏం లాభం, చూపిస్తున్నది ఒట్టి నీళ్ళయితే? రింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పేలోగా ఇంకో అల వచ్చేస్తోంది.

ఫోనులోంచి తమ్ముడి గొంతు, ఎటు అక్కా, ఎటు అని అడుగుతోంది. 

చప్పున లెన్సు ఊడదీసి మాస్టారిది బిగించింది. ఈసారి తుడవలేదు. ఎడంచేత్తో వెనక్కి లాగింది. సముద్రమంతా ఒక్కసారి విప్పారింది, మూలన తమ్ముడి బోటు పచ్చజెండా. దాని మీద ఉంచి ముందుకి తోసింది, బోటు దగ్గరైంది. లాగింది, నీలం బోటు ఎక్కడుందో దొరికింది. తోసింది. లాగింది. బొమ్మ వణికితే వణికింది, ఎవరు ఎటున్నారో తెలుస్తోంది.

"ఎడమకి పోనీ. ఇంకా ఎడమకి. వాళ్ళు నీకు ఆ పక్కనే ఉన్నారు," అంటూనే ఉంది. "తిన్నగా పోనీ. మేట దగ్గరికి వెళ్ళకు, కుడిపక్క తెల్లగా విరుగుతోంది."

పావుగంట అలా నడిచింది. చెయ్యి పీకేస్తోంది. అప్పుడు లెన్సులో ఒక పక్క నుంచి తెల్లటి పొర కమ్మడం మొదలెట్టింది. ముందు జల్లేమో అనుకుని అద్దం తుడిచింది. పోలేదు. పొర లోపలుంది. తోసి లాగినప్పుడల్లా ఆ గొట్టం చెమ్మగాలిని లోపలికి పీల్చుకుంది. చూస్తుండగానే రెండు బోట్లూ పాలల్లో పడ్డట్టు మాయమైపోయాయి.

మళ్ళీ కొత్తది. చేతులు తడి, పెద్దింట్లమ్మ కొంగు పైన పట్టింది. ఈసారి వెతకాల్సిన పని పడలేదు, ఎందుకంటే రెండు బోట్లూ పక్కపక్కనే ఉన్నాయి. తాడు విసిరారు. మొదటిది అందలేదు. రెండోసారి చొక్కా మనిషి అందుకుని బోటు ముక్కుకి కట్టాడు. ఆ ముడి కూడా కనబడింది ఆమెకి. తాడు బిగిసి నీళ్ళలోంచి పైకి లేవడం కనబడింది.

"అందిందమ్మా," అంది తల్లితో. పెద్దింట్లమ్మ పైన పట్టిన కొంగు దించి ముఖం తుడుచుకుంది.

పోటు వచ్చేదాకా లోతులో ఆగి, మధ్యాహ్నం దాటాక రెండు బోట్లూ మొగలోకొచ్చాయి. నలుగురికి నలుగురూ దిగారు. దొరబాబు చేతులు పగిలి రక్తం కారుతున్నాయి, అంతకు మించి ఏమీ కాలేదు. గట్టు మీద ఏడుపులూ నవ్వులూ కలిసిపోయాయి. శివాజీ అక్క దగ్గరికొచ్చి, తల తుడుచుకుంటూ, ఈ పనికి ఓ మంచి బైనాక్యులర్ ఉంటే చాలునే, షెల్టర్లో పెట్టిద్దాం అన్నాడు. నిజమే. మూడు నెలల్లో ఆమెకి ఆ మాట తట్టనేలేదు.

ఆ సందడిలో సాయిదుర్గ విజయ వైపు వెళ్ళలేకపోయింది. భయం లేదు అని తనన్న మాట నాలిక మీద చేదుగా ఉండిపోయింది. ఆ పావుగంట ఏమైంది? లెన్సు మార్చాలన్న దురద పుట్టకపోతే? సంచి సర్దుకుని దిగొచ్చేసి ఉంటే? ఇంటికెళ్ళాక పాత లెన్సుతో తీసిన ఫొటోని పెద్దది చేసి చూసింది. చొక్కా ఉన్నచోట ఓ మరక మాత్రమే ఉంది. అది చొక్కా అని తెలిశాక కూడా మరకలాగే ఉంది.

ఆదివారం పొద్దున్నే కొత్తపేట బస్సెక్కింది. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీలు రోడ్డుకి అడ్డంగా తిరుగుతుంటే బస్సు ఆగిపోయింది. దిగి నడిచిపోదామా అన్నంత తొందర ఆమెకి. లెన్సు పాడైంది. పాడుచేసినదాన్ని వెనక్కిచ్చి రావడం మనిషి చేసే పని కాదు. కొనుక్కోవాల్సింది దీన్నే. తేలిపోయింది అనుకుంది. మళ్ళీ ఆ మరక కళ్ళ ముందుకొచ్చింది. తేలలేదు.

మాస్టారు అరుగు మీద కూర్చుని అంతా విన్నారు. లెన్సుని వెలుతురుకి పెట్టి లోపలికి చూశారు. చేతుల్లో అది వణుకుతూనే ఉంది. లాగినప్పుడు బోటు ఎలా దొరికిందో మళ్ళీ చెప్పమని అడిగి, రెండోసారి కూడా అంతే శ్రద్ధగా విన్నారు.

"చెమ్మ పట్టిందండీ, నా వల్లే. దీన్ని నేను తీసుకుంటానండి మాస్టారూ."

"నీకు ఏది కావాలో చెప్పకుండా ఏది బాకీ పడ్డావో చెప్తున్నావమ్మా," అన్నారాయన. "చెమ్మదేముంది, డబ్బాలో చెమ్మ పీల్చే గుళికలేసి పెడితే ఆరుతుంది. నీకేది కావాలి?"

 ఆమె ఆ ఫొటోల సంగతి చెప్పింది. దీనితో చూసి భయం లేదు అన్నాననీ, రెండోదానితో చూశాక గానీ మనిషి చేతిలో చొక్కా తెలియలేదనీ, ఆ మధ్య పావుగంట పోయిందనీ.

మాస్టారు లెన్సుకి మూత బిగించారు.

"అయితే కొత్తదే కొనుక్కో. పిట్టని వెతుక్కోవడం నేర్చుకుంటావు, అది చేతికి అలవాటయ్యే పనే. దీన్లో పడని బొమ్మని ఎక్కణ్ణించి తెస్తావు?" లెన్సుని ఒళ్ళో పెట్టుకున్నారు. "దీన్ని ఇంక అమ్మనులే. స్టాండు మీద పెట్టుకుని చూస్తాను."

సాయంత్రానికి నాగదుర్గాప్రసాద్‌కి ఫోను చేసి, కొత్తది తనే ఉంచుకుంటున్నానని చెప్పేసింది.

వాయుగుండం వెళ్ళిపోయిన వారానికి మళ్ళీ మొగకొచ్చింది. ఒడ్డున విజయ చేపలు ఎండబెడుతోంది. సాయిదుర్గని చూసి నవ్వి, చాప జరిపింది. సాయిదుర్గ కూర్చోలేదు. నిలబడే, గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. ఆ రోజు మొదట భయం లేదన్నది తప్పు. తనకి సరిగ్గా కనబడలేదు. కనబడలేదని చెప్పాల్సింది, చెప్పలేదు.

విజయ చేతిలో చేపని తిరగేసి, పక్కన పెట్టింది.

"నాకు తెలుసండి. శివాజీ చెప్పేడు. రెండ్రోజులు మీ మీద కోపంగానే ఉంది నాకు." ఇంకో చేప తీసుకుంది. "ఇప్పుడు లేదండి. కూర్చోండి, ఎండెక్కుతుంది."

సాయిదుర్గ కూర్చుంది. మేట మీద పిట్టలు వందకి పైగా వాలి ఉన్నాయి. ఏదో బెదిరించినట్టు అన్నీ ఒక్కసారి లేచాయి. ఆమె లెన్సెత్తి రింగు తిప్పేలోగా నది మీంచి వెళ్ళిపోయాయి. ఒక్కటీ పడలేదు. విజయ పక్కనుంచి, అవి మళ్ళీ ఇక్కడికే వస్తాయండి, ఆగండి అంది. సాయిదుర్గ రింగుని మొగంతా కనబడేలా ఈ చివరిదాకా తిప్పి, వేళ్ళు దాని మీదే ఉంచి, కూర్చుంది.