ప్లేటు వెనక పేరు

ప్లేటు వెనక అంటించిన టేపు వేడినీళ్ళలో పది నిమిషాలు నానితే గాని ఊడదు. గోటితో గీకితే జిగురు మిగిలిపోతుంది, ఆ జిగురుకు దుమ్ము పట్టి నల్లటి చార కడుతుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ పని చేస్తున్న నోలీన్‌కు ఇందులో తెలియనిది లేదు. ఆస్ట్రేలియాలోని చిన్న ఊరు ములేరూలో ఏ సభ జరిగినా, ఎవరు పుట్టినా, ఎవరు పోయినా ఆడవాళ్ళు తలా ఓ ప్లేటు తినుబండారం పట్టుకెళ్ళాలి. ప్లేట్లు కలిసిపోకుండా అడుగున టేపు మీద పేరు రాసి అంటించాలి. తిన్నవాళ్ళు ప్లేటు కడిగి, తిరగేసి, పేరు చూసి ఇంటికి తెచ్చివ్వాలి. ఖాళీగా ఇస్తే బాగుండదని పెరట్లో కాసిన నాలుగు నిమ్మకాయలైనా వేసి ఇస్తారు. నోలీన్ ఇన్నేళ్ళూ "పాస్కో" అనే రాసింది. అది మొగుడి ఇంటిపేరు. అత్తగారు థెల్మా ప్లేటు వెనకయితే యాభై ఏళ్ళ కిందటి గోళ్ళరంగుతో "మిసెస్ జాక్ పాస్కో" అని ఉంటుంది. జాక్ పోయి పద్దెనిమిదేళ్ళయింది. ప్లేటు మాత్రం ఇంకా ఆయనదే.

నోలీన్ మొగుడు రస్. అతను పనిచేసే బ్యాంకు శాఖ మూతపడ్డాక ఇంట్లో కూర్చుని డొమైన్ పేర్లు కొనడం మొదలుపెట్టాడు. ఇంటర్నెట్‌లో దుకాణం తెరిచేవాడికి ఒక చిరునామా కావాలి కదా, ఆ పేరు ముందే తను తీసిపెట్టుకుని, కావలసినవాడికి అమ్మడం. చూస్తూండగానే రెండు వందల పద్నాలుగు పేర్లు పోగేశాడు. ఈమెయిళ్ళు పంపితే, ఎవడో మోసగాడనుకుని జనం చదవకుండానే చెరిపేశారు. ఇలా కాదు, మనుషుల్లో పడి అమ్ముతానన్నాడు. పికప్ బండి వెనక తలుపు మీద "ఈ పేరు అమ్మబడును" అని రాయించాడు. బండే అమ్ముతున్నాడనుకుని ముగ్గురు బేరానికొచ్చారు. పబ్బులో గ్లాసుల కింద వేసే అట్టల మీద పేర్లు అచ్చువేయించాడు. తాగేవాళ్ళు వాటి మీద ఆటల లెక్కలు రాసుకున్నారు. ఫుట్‌బాల్ మైదానం కంచెకు బోర్డు కడితే గాలికి ఎగిరి ఎవరి గోధుమ చేలోనో పడింది. ఆ బోర్డుల మీదా బండి మీదా అక్షరాలు రాసింది మాత్రం నోలీనే. పొద్దున బడి ఆఫీసులో పని, మధ్యాహ్నం వంట, సాయంత్రం రస్ గారి అక్షరాలు. "నీ చేతిరాత బాగుంటుంది నోలీన్, నా బుర్ర, నీ చెయ్యి" అనేవాడు. ఏదో మెచ్చుకున్నట్టే ఉండేది గాని, బుర్ర ఎప్పుడూ అతని వాటాకే వచ్చేది.

ప్లేటు సంగతి అసలు పొరపాటున జరిగింది. టైర్ల కొట్టు కెల్విన్ ఓ రోజు ఆమె కారు టైరు ఊరికే మార్చిపెట్టాడు. డబ్బు తీసుకోకపోతే నోలీన్ కారమెల్ స్లైస్, అంటే పాకం పూసిన బిస్కట్టు ముక్కలు, చేసి పంపింది. బల్ల మీద రస్ ఫైళ్ళకు అంటించడానికి ఆమే రాసిన టేపు ముక్కలు వరసగా పడి ఉన్నాయి. హడావిడిలో ఒకటి లాగి ప్లేటు వెనక అంటించేసింది. మర్నాడు కెల్విన్ ప్లేటూ ఓ సంచీ నిమ్మకాయలూ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏం తల్లీ, నా కొట్టు పేరు నీ ప్లేటు వెనక ఉందేమిటి? ములేరూ టైర్స్ డాట్ కామ్ డాట్ ఏయూ! ఇది ఎవరిది? నాకు కావాలి" అన్నాడు.

లోపలి గదిలోంచి రస్ కేకేశాడు. "పేరడిగి రాసిపెట్టు నోలీన్! ఇప్పుడే వస్తున్నా."

అలా మొదటి పేరు అమ్ముడుపోయింది. ఈమెయిల్ వస్తే చెరిపేసేవాడు కూడా ప్లేటును పారెయ్యడు. తెచ్చి ఇవ్వాలి, వచ్చినవాడు నాలుగు మాటలు మాట్లాడాలి. ఈ కిటుకు కనిపెట్టింది నోలీన్. వాడిన సామాన్లు అమ్మే ఆప్ షాపులో పాత ప్లేట్లు ఏరి తెచ్చింది, ఎవరికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకుంది, మంగలి కొట్టుకు కొబ్బరికోరు అద్దిన లామింగ్టన్ కేకులు, పశువుల డాక్టరుకు మాంసం కూరిన పాస్టీలు పంపింది. ఏడాదిలో పంతొమ్మిది పేర్లు పోయాయి. ప్లేట్లు తెచ్చిన ప్రతివాళ్ళూ "రస్ ఉన్నాడా?" అనే అడిగేవారు. "మా రస్ చిన్నప్పటినుంచీ అంతే. పదిమంది చేత పని చేయించే బుర్ర వాడిది" అనేది థెల్మా, అదే స్లైస్ నములుతూ. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుందని నోలీన్‌కు ఒళ్ళు మండేది. మండినా ప్లేట్లు ఎలాగూ కడగాలి, కడిగేది.

రస్ దగ్గర మిగిలిన పేర్లలో ఒకదాని మీద ఆమె మనసు పడింది. ములేరూ కిచెన్. హైవే మీద హోటలామె ప్రతి శుక్రవారం ఆరు ట్రేలు చేసివ్వమని అడుగుతోంది. ఆ పని సొంతంగా, ఓ పేరు పెట్టుకుని చెయ్యాలని ఉంది. యాభై ఆరేళ్ళు వచ్చాక తనదంటూ ఒకటి కావాలనిపించింది, అంతే. ఓ రోజు అంట్లు తోముతూనే అడిగింది.

"రస్, ఆ ములేరూ కిచెన్ నాకు వదిలెయ్యవూ?"

అతను నవ్వాడు. చెడ్డగా కాదు, పిల్లలు చందమామను అడిగితే నవ్వినట్టు నవ్వాడు. "నీకెందుకే? ఇంట్లో చేసుకునేదానికి పేరేమిటి? అది సరుకు నోలీన్. సరుకు మీద మనసు పెట్టుకోకూడదు."

ఆమె తర్వాతి ప్లేటు అందుకుంది. తను అడిగింది రెండు వందల పద్నాలుగులో ఒకటి. అందులో పంతొమ్మిది తన చేతి మీదుగా అమ్ముడుపోయినవే. అడగడమే తప్పయినట్టు రెండు రోజులు తన మీద తనకే కోపం వచ్చింది. మూడో రోజుకు ఆ కోపం ఉండవలసినచోటికి మళ్ళింది.

ఇంతలో జిల్లా వ్యాపారుల సంఘంవాళ్ళు రస్‌ను ఉపన్యాసానికి పిలిచారు. శుక్రవారం, ఊరి సభలు జరిగే ఇన్‌స్టిట్యూట్ హాల్లో, "మనుషుల్లో పడి పేర్లు అమ్మడం ఎలా". అతను చెబుతుంటే ఉపన్యాసం టైపు చేసింది నోలీనే. "నా భార్య కేకులు కాలుస్తుంది, నేను బుర్ర కాలుస్తాను. ఇక్కడ ఆగు, నవ్వుతారు అని రాయి" అన్నాడు. ఆమె రాసింది: ఇక్కడ నవ్వుతారు. తర్వాత పద్నాలుగు పేర్ల జాబితా చేతిలో పెట్టాడు. "బల్లకో ప్లేటు చొప్పున పద్నాలుగు ప్లేట్లు. చివర్లో నేను తిరగెయ్యమంటాను. ఒక్కసారిగా అందరూ తిరగేస్తారు, అదిరిపోవాలి! స్లైస్ కాస్త ఎక్కువే చెయ్యి." జాబితాలో పద్నాలుగోది ములేరూ కిచెన్. దాన్ని కొంటాడనుకుంటున్న డారిల్, మోటల్ నడిపేవాడు, ఆ బల్ల దగ్గరే కూర్చుంటాడట.

గురువారమంతా స్లైసులు కాల్చింది. శుక్రవారం పొద్దున బల్ల ముందు టేపూ నల్ల పెన్నూ పెట్టుకుని కూర్చుంది. మొదటి ముక్క కత్తిరించింది. జాబితా చూసింది. ఆ జాబితాను మడిచి పిండి డబ్బా కింద పెట్టింది. ఇన్నేళ్ళలో ఈ పెన్నుతో ఎంతమంది పేర్లు రాసిందో! టైర్లవాడిది, మంగలిది, పశువుల డాక్టరుది, మొగుడిది, మామగారిది. పద్నాలుగు ముక్కలూ ఒక్కలాగే రాసి, ఒక్కొక్క ప్లేటుకూ గట్టిగా అదిమి అంటించింది.

సాయంత్రం హాలు నిండింది. నోలీన్ వంటగది కిటికీ వెనక టీ కెటిల్ దగ్గర నిలబడింది. రస్ బాగానే మాట్లాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. నవ్వాల్సినచోట నవ్వారు. చివరికి చేతులు పైకెత్తి, "ఇక మీ ముందున్న ప్లేటు తిరగెయ్యండి!" అన్నాడు.

పద్నాలుగు ప్లేట్లు తిరగబడ్డాయి. బల్లల మీద పొడి రాలింది.

"ఏముందిరా? నా కళ్ళజోడు ఇంట్లో ఉంది" అంది ముందు వరసలోంచి థెల్మా.

కెల్విన్ పైకి చదివాడు. "నోలీన్ చేసింది. ఖాళీ అయ్యాక నాకే తెచ్చివ్వండి." పక్క బల్లకేసి తిరిగాడు. "మీదేమిటి?"

"ఇదే."

"మాదీ ఇదే."

రస్ ముఖం కందిపోయింది. "అదీ... అంటే..." అన్నాడు. అక్కడ నవ్వుతారని ఎవరూ రాసిపెట్టలేదు గాని హాలంతా నవ్వింది. కెల్విన్ చప్పట్లు మొదలుపెట్టాడు. మోటల్ డారిల్ లేచి రస్‌నే అడిగాడు. "ములేరూ కిచెన్ అమ్ముతానన్నావు. ఈవిడ అందులో ఉందా లేదా? ఆవిడ లేకపోతే ఆ పేరు నాకెందుకు?"

థెల్మా ప్లేటు కాసేపు ఒళ్ళో పెట్టుకుని చూసింది. అక్షరాలు ఆమెకు కనబడవు, వేలితో తడిమింది. "రాత మాత్రం బాగుంది" అంది, ఎవరితోనో తెలియకుండా.

కారులో రస్ నోరు విప్పాడు. "నలుగురిలో నా పరువు తీశావు."

"నీ గురించి ఒక్క ముక్క రాయలేదు రస్" అంది నోలీన్. "నా గురించే రాసుకున్నాను."

ఇంటిదాకా కారు నడిపింది ఆమే.

శనివారం పొద్దున తొమ్మిదింటికల్లా ప్లేట్లు రావడం మొదలైంది. నోలీన్ మోచేతులదాకా పిండిలో ఉంది. హైవే హోటలామెకు రాత్రే ఫోన్ చేసి ఒప్పుకుంది, వచ్చే శుక్రవారం నుంచి ఆరు ట్రేలు. బిల్లు మీద ఏ పేరు రాయమంటావని ఆమె అడిగితే, నోలీన్ అని రాయమంది. తలుపు చప్పుడైంది. రెండోసారీ అయింది. ఆమె కదలకపోయేసరికి లోపలి గదిలోంచి రస్సే లేచి వెళ్ళి తీశాడు. గుమ్మంలో ఎవరో ప్లేటూ, నిమ్మకాయల సంచీ పట్టుకుని ఉన్నారు.

"నోలీన్ ఉందా?" అన్న మాట వంటింట్లోకి వినబడింది.

తర్వాత రస్ గొంతు వచ్చింది, తెలియని ఇంట్లో దారి అడుగుతున్నట్టు. "నోలీన్, నీ కోసం ఎవరో వచ్చారు."

నోలీన్ పిండి కలుపుతూనే కేకేసింది.

"పేరడిగి రాసిపెట్టు రస్! ఇప్పుడే వస్తున్నా."