గొడుగులకు పదేళ్లు

"సైకిలు గొలుసులు. వెంటనే," అని చదివింది టైపిస్టు. గుమాస్తా టిక్కు పెట్టాడు.

వాణిజ్య శాఖలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఆయన పని ఇదే. ఏ దేశంతో ఒప్పందం కుదిరినా, ఏ సరుకు మీద దిగుమతి సుంకం వెంటనే ఎత్తేస్తారో, దేనిమీద పదేళ్లలో తగ్గిస్తారో చెప్పే పట్టికను ఒకరు చదవాలి, ఇంకొకరు పాత ప్రతితో సరిచూడాలి. వంగిన మెడ, జేబు మీద ఎర్ర సిరా మరక ఆ పని ఇచ్చినవే. బేరాలాడే బల్ల దగ్గర, మంత్రి వెనక కూర్చునేది మాత్రం ఆయన తోడల్లుడు, ఆరేళ్లు చిన్నవాడు. అత్తగారింటి గోడ నిండా అతని ఫోటోలే. పెద్దల్లుడిది పెళ్లి ఫోటో ఒక్కటే, అదీ తలుపు చాటున. గుమాస్తాకు ఇరవై ఏళ్లుగా కడుపు మండుతూనే ఉంది.

"గొడుగులు. వెంటనే."

కలం ఆగింది. చవక విదేశీ గొడుగులు ఒక్కసారిగా వచ్చి పడకుండా, గొడుగులు కుట్టేవాళ్లు మంత్రి చుట్టూ తిరిగి తిరిగి పదేళ్ల గడువు సాధించుకున్నారు. తోడల్లుడు తప్పు వరసలో ఎక్కించి, కింద సంతకం గిలికాడు. రేపు ఒప్పందం మీద సంతకాలయ్యాక దిద్దాలంటే అవతలి దేశం ఊరికే ఒప్పుకోదు, బదులుగా ఇంకేదో గుంజుతుంది. అప్పుడు గోడ మీది ఫోటోలన్నీ దిగుతాయి.

గుమాస్తా టిక్కు పెట్టాడు.

"పాతదాంట్లోనూ అంతేనాండీ?"

"ఆ, కానివ్వమ్మా."

మూడింటికి తోడల్లుడు వచ్చాడు. విమానానికి టైమైపోతోందంటూనే కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఫ్యాను కింద నిలబడ్డాడు.

"అన్నయ్యగారూ, మొత్తం చూశారా?"

"చూశాను."

"మీరు చూశారంటే ఇంక నేను చూడక్కర్లేదు. విమానంలో హాయిగా నిద్రపోతా."

నిద్రపోతాడట! గుమాస్తాకు ఒళ్లు మండింది. అంతలోనే, అర్జీ తన చేతికిచ్చి వెళ్లిన గొడుగులావిడ, సూదులు గుచ్చుకుని బండబారిన ఆవిడ వేళ్లు గుర్తొచ్చాయి. వీణ్ణి ముంచితే ఆవిడా మునుగుతుంది.

"ఇలా తే," అని పేజీ లాక్కుని, గొడుగుల పక్కన 'వెంటనే' కొట్టేసి 'పదేళ్లు' అని రాశాడు. టైపిస్టు గబగబా కొత్త పేజీ కొట్టిచ్చింది. తోడల్లుడు కొట్టేసిన మాట రెండుసార్లు చదువుకుని, కొత్త పేజీ కింద సంతకం పెట్టాడు.

"నా ఉద్యోగం నిలబెట్టారు. ఈ సంగతి మన ఆడవాళ్ల దాకా పోనివ్వకండేం."

"వెళ్లు, వెళ్లు."

అతను మెట్లు రెండేసి దిగుతూ పరుగెత్తాడు.

"అయ్యో, కోటు మర్చిపోయారండీ! కిటికీలోంచి కేకెయ్యండి," అంది టైపిస్టు.

"చూశాను," అన్నాడు గుమాస్తా, కదలకుండా.

కారు గేటు దాటింది. రేపటి ఫోటోలో అందరిలోకీ వాడొక్కడే ఉత్త చొక్కాతో నిలబడతాడు. గుమాస్తా కడుపు కాస్త చల్లబడింది.

కుర్చీ వెనక నల్లకోటు, ఇస్త్రీ మడత నలగకుండా, పై జేబులో తెల్ల రుమాలుతో, ఫ్యాను గాలికి ఒక చెయ్యి ఊపుతూ వేలాడుతోంది.