మొదటి పావుగంట

కరెంటు ఎంత లాగుతోందో గీతగా గీసిపెట్టే లాగర్ కొనాలని అన్న నిర్ణయించేనాటికే, అది ఏం చెప్పాలో కూడా నిర్ణయించుకుని ఉన్నాడు. చెల్లెలికి ఆ సంగతి తరువాత అర్థమైంది. అప్పుడు మాత్రం ఆమె ధరలు చూస్తోంది.

వాళ్లది ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ల తువాళ్లూ ఉతికే లాండ్రీ. రేకుల కప్పు కింద పొడవాటి హాలు. ఒక గోడ వారన ఉతికే యంత్రాలు, ఎదురుగా ఇస్త్రీ రోలరు, చివర్లో తండ్రి కాలం నాటి ఆరబెట్టే డ్రమ్ము. కరెంటు ఆఫీసు వాళ్లు వాడిన యూనిట్లకు మాత్రమే బిల్లు వేసి ఊరుకోరు. నెల మొత్తంలో ఏ పావుగంటలో అన్నిటికంటే ఎక్కువ కరెంటు లాగారో చూసి, ఆ ఒక్క పావుగంటకూ విడిగా వేస్తారు. దాన్ని డిమాండ్ అంటారు. ఒప్పుకున్న హద్దు దాటితే జరిమానా. కొన్ని నెలలుగా వాళ్లు దాటుతూనే ఉన్నారు. ఇలాగే సాగితే లాండ్రీ నిలవదని అన్న అన్నాడు. అంటూ హాలు చివరికి చూశాడు.

అక్కడ, డ్రమ్ము దగ్గర, బాబాయి ఉంటాడు. తండ్రికి తమ్ముడు, పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ డ్రమ్ముతోనే ముసలివాడయ్యాడు. దాని తలుపు సరిగా పడదు. మోకాలితో ఒక పోటు పొడిచి మూస్తాడు. ఆ పోటు ఎక్కడ పడాలో ఆయనకు తప్ప ఇంకెవరికీ అంతుపట్టలేదు. డ్రమ్ము పోతే ఆయన చేయగల పని ఆ హాల్లో మరొకటి లేదు.

ఎలక్ట్రీషియన్‌ను అందరూ ఫ్యూజు అని పిలిచేవారు. అతను చెయ్యి పెట్టాక వెలుగుతున్న దీపం కూడా ఆలోచనలో పడుతుందని రోలరు దగ్గర పనిచేసే వదిన వేళాకోళం. అతను బల్ల మీద మూడు లాగర్ల బొమ్మలు పరిచాడు.

"ఇది మూడు క్లాంపులది. మెయిన్ బోర్డులో మూడు తీగలకీ తగిలిస్తే లాండ్రీ అంతా ఒక్క గీతలో కనిపిస్తుంది. ధర మాత్రం అడక్కండి."

"అడక్కపోతే ఎలా కొంటాం?" అంది చెల్లెలు.

"కొనరని తెలిసే చెప్పట్లేదమ్మా." రెండో బొమ్మ ముందుకు తోశాడు. "ఇది అద్దెకిస్తారు. కానీ దాని ఖరీదంతా డిపాజిట్ కట్టమంటారు. ఇదిగో, ఈ మూడోదే మన అంతస్తుకి తగ్గది. కాకపోతే ఒంటికన్నుది. ఒక్క తీగనే చూస్తుంది."

"దాన్ని మెయిన్ మీద పెడితే?"

"మూడో వంతే తెలుస్తుంది. వారానికో తీగ మార్చుకుంటూ చూడాలి. మూడు వారాలు పడుతుంది."

అన్న కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. "మూడు వారాలు దాని మొహం చూస్తూ కూర్చుంటే బట్టలెవరు ఉతుకుతారు? డ్రమ్ము మీద పెట్టు. దాన్ని వేడెక్కించే కాయిల్స్ మూడు తీగలకీ సమానమేగా, ఒకటి చూస్తే చాలదూ?"

"చాలు," అన్నాడు ఫ్యూజు. అది అబద్ధం కాదు.

చెల్లెలు ఒంటికన్నుదే కొంది. చవకైన పరికరం తప్పు చెబుతుందని ఆమె భయపడింది గాని, అది తప్పు చెప్పలేదు. చవకైనది మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: ఎక్కడ చూడమంటావు? జవాబు అప్పటికే హాలు చివర నిలబడి ఉంది.

పొద్దున పని మొదలుపెట్టే పద్ధతి తండ్రి పెట్టింది. ఎవరి యంత్రం దగ్గర వాళ్లు నిలబడేవారు. ఆయన హాలు మధ్యలో నిలబడి చెయ్యెత్తేవాడు. అందరూ ఒక్కసారే స్విచ్చులు వేసేవారు. హాలంతా ఒకే గొంతుతో లేచేది. "ఇప్పుడు మనం ఉన్నాం" అనేవాడు ఆయన. ఆయన పోయాక చెయ్యెత్తడం అన్న వంతుకు వచ్చింది. ఆ మాట మళ్లీ ఎవరూ అనలేదు. పద్ధతి మాత్రం ఒక్క రోజూ తప్పలేదు.

లాగర్ పెట్టిన పొద్దున, చెయ్యి లేవకముందే బాబాయి దాన్ని చూశాడు.

"ఏంట్రా ఇది, నా తీగకి చెవిపోగు?"

"కరెంటు ఎంత లాగుతోందో చూద్దామని, బాబాయ్."

"అందరికీ పెట్టించావా?"

అన్న హాలు మధ్యకు నడిచాడు. బాబాయి వదిన వైపు తిరిగి, "చూశావటమ్మా, ఈ వయసులో నగ చేయించారు నాకు," అన్నాడు. వదిన నవ్వింది. ఆయన నవ్వలేదు. చెయ్యి లేచింది; ఆయన స్విచ్ అందరితో పాటే పడింది.

వారం తరువాత గీత చూశారు. చల్లబడి ఉన్న డ్రమ్ము వేడెక్కేదాకా గట్టిగా లాగుతుంది; ఆ పైన నెమ్మదిస్తుంది. ప్రతి పొద్దునా మొదటి పావుగంట దగ్గర గీత నిటారుగా లేచి ఉంది.

"చూశావా?" అన్నాడు అన్న.

"మిగతా యంత్రాలు ఎంత లాగుతాయి?"

"మిగతావి కొత్తవి," అన్నాడతను. ఆమె అడిగినదానికి అది జవాబు కాదు. అయినా ఆమె మళ్లీ అడగలేదు. అడగకపోవడానికి ఏ కారణమూ లేదు. అతని గొంతులోని నిశ్చయం పక్కన కూర్చుంటే ఆమెకు కాస్త విశ్రాంతిగా ఉండింది, అంతే.

బాబాయి వాళ్ల వెనక నిలబడి ఉన్నాడు. "నేను ఎంత?" అని అడిగాడు.

"నువ్వు కాదు బాబాయ్, డ్రమ్ము."

"రెండూ ఒకటేలే." ఆయన మెడమీది తువాలు తీసి మడిచాడు. డ్రమ్ము తలుపును మోకాలితో మూసి, వాకిట్లోకి నడిచాడు. ఆగమని ఇద్దరూ అన్నారు. కానీ ఇద్దరూ కూర్చునే అన్నారు.

డ్రమ్ముకు కరెంటు తీసేశారు. దుప్పట్లు ఇంటి డాబా మీద తాళ్లకు ఆరాయి; చెమ్మవాసన వేస్తున్నాయని ఒక ఆసుపత్రి వెనక్కి పంపింది. నెలాఖరుకు బిల్లు వచ్చింది. డిమాండ్ తగ్గింది, హద్దు మాత్రం ఇంకా దాటే ఉంది.

అప్పుడు చెల్లెలు ఎవరినీ అడగకుండా ఫ్యూజును పిలిపించి, లాగర్‌ను మెయిన్ బోర్డులో పెట్టించింది. వారానికో తీగ. మూడు గీతలూ ఒకటిగా కలిపి చూసుకున్న సాయంత్రం ఆమె చాలాసేపు దీపం వేయలేదు. ప్రతి పొద్దునా మొదటి పావుగంట ఒక్కటే ఎత్తుగా నిలబడి ఉంది. మిగతా రోజంతా హద్దుకు ఎంతో కింద నడిచింది. చల్లటి నీళ్లూ, చల్లటి రోలరూ, అన్నీ ఒకేసారి వేడెక్కడమే ఆ ఎత్తు. ఒకదాని తరువాత ఒకటి వేసుకుంటే, డ్రమ్ము పాత గీతను కలుపుకున్నా, అన్నీ హద్దు లోపలే ఇమిడేవి. ఇన్నాళ్లూ జరిమానా పడింది తండ్రి ఎత్తిన చేతికి.

బాబాయి అద్దెగది ఒక మేడ కింద ఉంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి చెయ్యి చాపాడు.

"క్లాంపు తెచ్చావా? ఇదిగో, తగిలించు. ఎంత లాగుతున్నానో చూడు."

ఆమె కింద కూర్చుని గీతల సంగతి చెప్పింది. ఆయన చివరిదాకా విన్నాడు.

"అయితే తప్పు డ్రమ్ముది కాదన్నమాట."

"కాదు."

"మీ నాన్నది."

"ఎవరిదీ కాదు బాబాయ్. అందరం ఒక్కసారే వేయడం..."

"అదేగా వాడు నేర్పింది."

"నువ్వు వచ్చెయ్. డ్రమ్ము ఆఖర్న వేద్దాం."

"అందాకా? చేతులు కట్టుకుని అందరి వంకా చూస్తూ నిలబడనా?"

"పోనీ నువ్వే ముందు వెయ్యి. మేం ఆగుతాం."

ఆయన గోడ వైపు చూశాడు. "ఆ హాల్లో ఒక్క డ్రమ్ము చప్పుడు ఎలా ఉంటుందో నువ్వెప్పుడూ వినలేదు. నేను విన్నాను. మీ నాన్న పోయిన రోజు. తడి దుప్పట్లు పాడైపోతాయని నేనొక్కణ్ణే వచ్చి వేశాను." మంచం మీది దుప్పటి సవరించాడు. "ఇంకోసారి వినలేనమ్మా. వెళ్లిరా."

ఆమె గుమ్మం దాటుతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. "తలుపు పడదు. గొళ్లేనికి జానెడు కింద. మోకాలితో."

మర్నాడు, చెల్లెలు చూపించిన గీతలు చూశాక కూడా, అన్న అలవాటుగా హాలు మధ్యకు వచ్చాడు. చెయ్యి సగం లేచింది; దాన్ని జుట్టు సవరించుకోవడంగా మార్చుకున్నాడు. మొదటి యంత్రం ఒంటరిగా మొదలైంది. చాలాసేపటికి రెండోది. ఆ తరువాత రోలరు. ఆ ఎడాల్లో నీళ్లు కారడం కూడా వినిపించింది. అన్నిటికంటే ఆఖర్న చెల్లెలు డ్రమ్ము నింపి, తలుపు మీద మోకాలితో పొడిచింది. పడలేదు. ఇంకొంచెం కింద పొడిచింది. పడింది.

మధ్యాహ్నం అన్న వచ్చి అడిగాడు: "ఎంత వచ్చింది?"

"హద్దు లోపలే."

"చూశావా, ఆ లాగర్ కొనడం ఎంత మంచిదైందో!"

ఆమె లాగర్ వైపు చూడలేదు. మోకాలు నొప్పి పెడుతోంది. డ్రమ్ములో దుప్పట్లు ఇంకా ఆరలేదు.