గేటు ముందు ఆగిన వాళ్లు

గుమ్మడిదల దాటాక ఉన్న ఆ మందుబిళ్లల కంపెనీలో పర్మినెంటు వాళ్లకు నీలం డ్రెస్సు, కాంట్రాక్టు వాళ్లకు బూడిదరంగు డ్రెస్సు. షిఫ్టు వదిలాక యూనియన్ వాళ్లు గేటు బయట మైకు పెడితే నీలం డ్రెస్సులు ఆగుతాయి. బూడిద డ్రెస్సులు తలొంచుకుని బస్సు దాకా నడుస్తాయి. ఆగకూడదని ఎక్కడా బోర్డు లేదు. కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు టీ బండి దగ్గర నిలబడి ఎవరు ఆగారో చూస్తుంటాడు, అంతే. ఆగిన వాళ్లకు మర్నాడు పని ఉండదు.

బర్నబా ఆ కంపెనీ యూనియన్‌కు ప్రధాన కార్యదర్శి. బిళ్లలు కొట్టే మిషను మీద పని. ఆదివారాలు చర్చిలో సాక్ష్యం చెప్పి చెప్పి సాగిన గొంతు ఆయనది, మైకు పాడైనా బస్టాపు దాకా వినిపిస్తుంది. భార్య మార్తమ్మది అదే కంపెనీలో ప్యాకింగు పని, కాంట్రాక్టు కింద. పొద్దున ఇద్దరూ ఒకే బండి మీద వస్తారు. సాయంత్రం ఆయన కార్మిక ఐక్యత మీద గొంతు చించుకుంటుంటే ఆమె ఆయన ముందు నుంచే టిఫిను సంచి పట్టుకుని వెళ్లిపోతుంది. మొదట్లో ఆయనకు అది ఎబ్బెట్టుగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది. మనిషికి అలవాటు కానిదంటూ ఏముంది గనక.

కొత్త కార్మిక చట్టాలు వచ్చాక, వాటి మీద అభిప్రాయాలు చెప్పమని హైదరాబాదులో ఒక సదస్సు పెట్టారు. బర్నబా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

"సంఘం పెట్టుకునే హక్కు మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం రాసి డెబ్బై ఏళ్లు దాటింది. ఏ భేదమూ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా, కార్మికులు తమకు నచ్చిన సంఘంలో చేరవచ్చని అందులో ఉంది. మన దేశం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. మన చట్టం ఆ మాటకు తగ్గట్టు మారాలి" అన్నాడు. బాగా అన్నాడు. హాలంతా తలలూపింది.

యజమానుల తరఫున వచ్చిన తెల్ల చొక్కా పెద్దమనిషి మాత్రం తీరిగ్గా లేచాడు. "మంచి మాట చెప్పారు. మరి మీ సంఘంలో కాంట్రాక్టు వాళ్లకు సభ్యత్వం ఉందాండీ?"

బర్నబా ఒకసారి హాలు వైపు చూశాడు. సంఘం నియమావళిలో 'పర్మినెంటు కార్మికులు మాత్రమే' అని మొదటి పేజీలోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెబితే ఇంతసేపూ చెప్పినదంతా గంగలో కలుస్తుంది.

"ఉందండీ. గేటు లోపల పనిచేసే ప్రతి ఒక్కరూ మా సభ్యులే" అనేశాడు.

చప్పట్లు మోగాయి. ఎవరో ఆ ముక్క ఫోనులో తీశారు. బర్నబా బస్సు పటాన్‌చెరు చేరేసరికి అది కంపెనీలో అందరి ఫోన్లలోకీ వచ్చేసింది.

ఇంటికి వెళ్లేసరికి మార్తమ్మ గడప దగ్గర కూర్చుని చింతచిగురు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమయ్యా, మేం గూడ మెంబర్లమేనంట గద?"

"అది ఏదో మాట వరసకు అన్ననే."

"మాట వరసకా? సాక్ష్యం జెప్పినట్టే జెప్పినవ్."

"వారంల గుర్తింపు సంఘం ఎలచ్చన్లున్నయ్. ఓట్లు పర్మినెంటోళ్లయి. ఇప్పుడు మిమ్ముల చేర్చుకుంటమంటే వాళ్లంత అవతలి యూనియన్‌కు ఉరుకుతరు. గెలిచినంక జూద్దం తియ్."

"ముందటిసారి గూడ గిదే ముచ్చట జెప్పినవ్." మార్తమ్మ చేట పక్కన పెట్టింది. "వచ్చే నెల కాంట్రాక్టరు మారుతుండు. కొత్తగొచ్చెటోడు నలభై దాటినోళ్లను తీసేస్తడంట. పదేండ్ల సంది అండ్లనే జేస్తున్న. కాంట్రాక్టరు మారినప్పుడల్ల నేను కొత్తదాన్నే. మా తరఫున అడిగెటోడు ఒక్కడు లేడు."

బర్నబా కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాడు ఉపాధ్యక్షుడు యాదగిరి మిషను దగ్గరికే వచ్చాడు. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరిన వాళ్లు, తిట్టుకునే చనువుంది. "ఎంత పని జేస్తివి బర్నబన్నా! మనోళ్లు గరం గరం ఉన్నరు. మా ఓవర్‌టైం వాళ్లకు పంచుతవా అని అడుగుతున్నరు. ఇయ్యాల గేటు మీటింగుల ఒక్క మాట జెప్పు, పొరపాటుగ అన్న అని. ఖతం."

బర్నబా సరేనన్నాడు. ఎన్నిక గెలిస్తే మార్తమ్మ సంగతి కూడా ఏదో ఒకటి చూడవచ్చని తనకు తాను చెప్పుకున్నాడు. నమ్మాడు కూడా.

సాయంత్రం షిఫ్టు వదిలింది. నీలం డ్రెస్సులు మైకు చుట్టూ చేరాయి. బర్నబా గొంతు సవరించుకుంటుండగా బూడిద డ్రెస్సులు బయటికొచ్చాయి. అందరికంటే ముందు మార్తమ్మ ఉంది. రోజూలాగే టిఫిను సంచి పట్టుకుని వచ్చి, మైకు ఎదురుగా ఆగింది. పక్కన ఎంకమ్మ ఆగింది. ఆమె మార్తమ్మతోబాటే ప్యాకింగులో పనిచేస్తుంది, నోరు కాస్త పెద్దది. వెనక ఒక్కొక్కరే చాలామంది ఆగారు. ఒడిశా నుంచి పనికొచ్చిన వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్లూ ఆగారు. సూపర్‌వైజరు టీ గ్లాసు కింద పెట్టి ఫోను తీశాడు.

"అన్నా! మేం మెంబర్లమని నువ్వే అంటివి. గందుకే ఆగినం" అని ఎంకమ్మ అరిచింది.

యాదగిరి చెవి దగ్గర గొణిగాడు. "బయటోళ్లు జరగాలె అను. జల్దీ అను."

బర్నబా భార్య వైపు చూశాడు. ఆమె బతిమాలుతున్నట్టు లేదు, కోపంగానూ లేదు. ఊరికే వింటోంది. ఆయన ఇచ్చిన ఇన్ని ఉపన్యాసాల్లో ఆమె నిలబడి వింటున్నది ఇదే మొదటిది. అది తట్టేసరికి ఆయనకు సిగ్గేసింది. అట్లాంటి ఇట్లాంటి సిగ్గు కాదు.

"హైదరాబాదుల నేను అబద్ధం జెప్పిన" అన్నాడు మైకులో. "వీళ్లు మన సంఘంల లేరు. ఎందుకు లేరంటే మనం రానియ్యలే. ఢిల్లీల చట్టం మారాలంటున్నం, మన సంఘం బైలా రూల్సు మాత్రం మారద్దు. అంతర్జాతీయ ఒప్పందంల రాసిన మాట గుమ్మడిదల గేటు కాడికి రానిస్తరా, రానియ్యరా? బైలా మార్చుదమనేటోళ్లు చేతులెత్తున్రి."

ముందు ఆయనే ఎత్తాడు. అక్కడక్కడా కొన్ని లేచాయి. చాలామంది చేతులు కట్టుకుని నేల చూశారు. వెనక నుంచి ఎవరో "పెండ్లాం కోసం సంఘాన్ని అమ్ముతుండు" అన్నారు. యాదగిరి చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. తీర్మానం వీగిపోయింది.

బర్నబా మైకు యాదగిరి చేతిలో పెట్టి, వచ్చి మార్తమ్మ పక్కన నిలబడ్డాడు.

"ఏమయ్యా, ఇక్కడ నిలబడితె రేపు పని ఉండదు, తెల్సా?" అంది ఆమె మెల్లగా.

ఆగిన వాళ్లు మరీ ఎక్కువైపోయారు. అందరినీ తీసేస్తే ప్యాకింగు ఆగిపోతుంది గనక మర్నాడు సూపర్‌వైజరు వాళ్లను లోపలికి రానిచ్చాడు. మార్తమ్మనూ ఎంకమ్మనూ మాత్రం గేటు దగ్గరే నిలిపేశాడు. బర్నబా బండి స్టాండు వేసి ఒక్కడే లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ఎన్నికల్లో అవతలి సంఘం గెలిచింది. ఓడిన తన సంఘం వాళ్లు బర్నబాను పదవిలోంచి తీసేశారు, ఆ తర్వాత సభ్యత్వంలోంచి కూడా.

ఆ తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక బూడిద డ్రెస్సుల వాళ్లంతా బర్నబా ఇంటికొచ్చారు. ఇల్లు పట్టక వాకిట్లో చాపలు వేశారు. సొంత సంఘం పెట్టుకోవాలి, అందులో చేరిన వాళ్ల తరఫున మొదట మార్తమ్మనూ ఎంకమ్మనూ పనిలోకి తీసుకోమని అడగాలి. దానికి నియమావళి కావాలి. అట్లాంటివి రాసిన చెయ్యి బర్నబాదొక్కటే గనక కాగితం ఆయన ముందు పెట్టారు.

"సభ్యులు ఎవరని రాయాలె?" అని అడిగాడు.

"పర్మినెంటోళ్లను మాత్రం రానియ్యద్దు" అంది ఎంకమ్మ. చాలామంది అవునన్నారు.

మార్తమ్మ ఒప్పుకోలేదు. "హైదరాబాదుల ఈయన అన్న మాటనే రాయున్రి. గేటు లోపల పనిచేసే ప్రతి ఒక్కరు అని. అబద్ధమైతె ఏంది, మంచి మాటనే గద."

బర్నబా రాయబోయి ఆగాడు. "అట్ల రాస్తె నువ్వు, ఎంకమ్మ లేనట్టే. మీరిప్పుడు గేటు బయట ఉన్నరు."

"అయితె తీసేసినోళ్లను గూడ రాయి."

రాశాడు. రాశాక కలం మూత పెట్టకుండా ఆ వాక్యం మళ్లీ చదివాడు. ఇన్నేళ్లూ ఎవరినో చేర్చుకోవడమే తప్ప, తనను చేర్చుకొమ్మని అడగడం ఆయనకు తెలియదు.

"నన్ను చేర్చుకుంటరా?" అన్నాడు.

ఎంకమ్మ కొంగు దోపుకుని లేచింది. "బర్నబన్నను చేర్చుకుందమనేటోళ్లు చేతులెత్తున్రి!"

వాకిట్లో చేతులన్నీ లేచాయి, మార్తమ్మది తప్ప. ఆమె ఆయన్ను ఎగాదిగా చూసింది. ఎంతసేపు చూసిందో గానీ బర్నబా కలం మూత రెండుసార్లు పెట్టి తీశాడు. అప్పుడు ఎత్తింది.